షార్లెట్ బ్రాంటీ: బోర్డింగు బడి మిగిల్చిన జ్ఞాపకము

మిషను బోర్డింగులలో చదివి పైకి వచ్చినవారు మనలో అనేకులున్నారు. అట్టి మనకు షార్లెట్ బ్రాంటీ జీవితము తెలియదగినది.

ఈమె 1816 ఏప్రిల్ 21న ఇంగ్లాండు దేశమందలి యార్క్‌షైరులో ఒక పాదిరిగారి ఇంట జన్మించెను. 1821లో తల్లి చనిపోగా ఆరుగురు బిడ్డల భారము తండ్రిపై పడెను. 1824లో ఆయన నలుగురు కుమార్తెలను కోవన్ బ్రిడ్జి బోర్డింగు బడికి పంపెను. స్వల్ప జీతముగల పాదిరుల ఆడపిల్లల కొరకు విలియం కారస్ విల్సన్ అను పాదిరి చందాలు కూర్చి స్థాపించిన బడి అది. ఉద్దేశము మంచిదే. అయితే పిల్లలకు దొరికినది మాడిన జావ, ఎముకలు కొరికే చలి. ఆదివారము రెండు మైళ్లకు పైగా నడిచి, తడిసిన కాళ్లతోనే ఆరాధనలో కూర్చుండెడివారు.

పెద్దక్క మరియా క్షయతో ఇల్లు చేరి 1825 మే 6న కన్నుమూసెను. చిన్నక్క ఎలిజబెతు కూడ జబ్బుతో రాగా, తండ్రి మరునాడే వెళ్లి షార్లెట్‌ను, చెల్లెలు ఎమిలీని తెచ్చుకొనెను. జూన్ 15న ఎలిజబెతు మరణించెను. అక్కల వయస్సు 11, 10 సంవత్సరములు.

1831లో మార్గరెట్ ఊలర్‌గారి బడిలో షార్లెట్‌కు ఆదరణ, స్నేహము దొరికెను. తరువాత అక్కడే ఉపాధ్యాయినిగా పనిచేసెను. అయినను పాత గాయము మానలేదు. 1847లో వెలువడిన ఆమె నవల జేన్ ఐర్‌లో కోవన్ బ్రిడ్జి లోవుడ్ బడియై, మరియా హెలెన్ బర్న్స్ అను ఓర్పుగల బాలికయై కనబడిరి. 1855 మార్చి 31న, 38వ ఏట షార్లెట్ మరణించెను.

నిర్వాహకుల లెక్కలకు అందని దుఃఖము ఒక పసిమనస్సులో 22 ఏండ్లు నిలిచెను. మన హాస్టళ్ల పిల్లల పళ్లెములోనికి, పడకవైపునకు ఒకసారి తొంగిచూతము.