ముఖకండరముల భాష నెఱిగిన వైద్యుడు

వీధినాటకమున వేషధారి పెదవి కదపకయే కనుబొమలతో కోపమును, కనుకొలకులతో కరుణను చూపుట మనమెల్లరము ఎఱిగినదే. ఆ భావములు పుట్టుటకు ముఖమునందలి ఏయే కండరములు పనిచేయుచున్నవో పరిశోధించి లోకమునకు తెలిపినవారిలో అగ్రగణ్యుడు గియోమ్ దుషేన్ అను ఫ్రెంచి వైద్యుడు.

ఆయన 1806వ సంవత్సరము సెప్టెంబరు 17వ తేదీన ఫ్రాన్సుదేశపు సముద్రతీరమునందలి బులోన్ పట్టణమున జన్మించెను. వంశమువారు నావికులు. తండ్రి కుమారుని గూడ ఓడలలోనికే పంపదలచెను. కాని బాలుని మనస్సు శాస్త్రములవైపు మొగ్గెను. పారిస్ నగరమున వైద్యవిద్య నభ్యసించి, 1831లో పట్టము పొంది, స్వస్థలమున వైద్యవృత్తి సాగించెను. కొలది కాలమునకే భార్య ప్రసవ సమయమున మరణించెను. కుమారుడును బంధువుల యొద్దనే పెరిగెను. దుషేన్ బహుకాలము ఏకాకియై జీవించెను.

1842లో ఆయన మరల పారిస్ చేరెను. అచ్చటి వైద్యశాలలలో ఆయనకు ఉద్యోగము లేదు. విద్యుద్యంత్రముగల పెట్టెను వెంటగొని ఆసుపత్రుల కరిగి పక్షవాత రోగులను పరీక్షించుచుండెను. తొలుత పలువురు పరిహసించిరి, ఆయన లెక్కసేయలేదు. చర్మమును గుచ్చకయే, తడిపిన విద్యుత్ కొనలను దానిపై నుంచి, కోరిన కండరమునకు మాత్రమే విద్యుత్తును పంపు పద్ధతిని రూపొందించి, 1855లో గ్రంథముగా ప్రకటించెను. బాలురను పీడించు ఒక కండరక్షీణ వ్యాధి నేటికిని ఆయన పేరనే పిలువబడుచున్నది.

1862లో ముఖభావములను గూర్చిన గ్రంథమును ఛాయాచిత్రములతో వెలువరించెను. ముఖచర్మమున స్పర్శజ్ఞానము లోపించిన ఒక వృద్ధునిపై ఆ పరీక్షలు జరిగెను. కావున అతనికి బాధ తెలియలేదు. చెంపకండరమును మాత్రము కదిలించిన పెదవులు నవ్వినను కన్నులు నవ్వలేదు. నిజమైన సంతోషమున కంటిచుట్టునున్న కండరము గూడ ముడుచుకొనునని దుషేన్ నిర్ణయించెను. 1872లో డార్విన్ తన గ్రంథమున ఈ చిత్రములను కొన్నింటిని చేర్చెను. ప్రసిద్ధవైద్యుడు షార్కో ఆయనను గురువుగా గౌరవించెను. 1875 సెప్టెంబరు 15వ తేదీన దుషేన్ పరమపదించెను.

ఆయన కండరములకు విద్యుత్తును పంపెను. నేటి శాస్త్రజ్ఞులు కండరములే పుట్టించు అత్యల్పవిద్యుత్తును గ్రహించుచున్నారు. కండరము ముడుచుకొనునపుడు చర్మముపై వోల్టులో వెయ్యవవంతుకన్నను తక్కువయైన సంకేతము సాధారణముగా కలుగును. చర్మమున కంటించు పలుచని పట్టీలును, కండ్లజోడు చట్రమున అమర్చిన గ్రాహకములును దానిని పసిగట్టగలవు. ముఖపక్షవాతము సోకినవారికి కండరముల నెట్లు కదపవలెనో తెలిసికొనుటకు ఇట్టి సాధనములు తోడ్పడును.

అయినను ఒక హెచ్చరిక అవసరము. కంటికండరమును గూడ ప్రయత్నపూర్వకముగా కదపగలవారు పెక్కురు కలరని తరువాతి పరిశోధనలు తెలిపినవి. కావున యంత్రము కండరముల కదలికను చెప్పగలదే కాని హృదయమును చెప్పజాలదు.

విద్యార్థులారా! పదవి లేకున్నను, పరిహాసము లెదురైనను, రోగి ప్రక్కనే నిలిచి ఓర్పుతో పరిశీలించిన దుషేన్ జీవితము మనకు ఆదర్శము. ఎదుటివాని ముఖమును శ్రద్ధతో చూచుటయే విద్యకును దయకును తొలిమెట్టు.