లోతెరిగిన కాటన్

వర్షకాలమున గోదావరి పొంగినపుడు భద్రాచల వాసులు మొట్టమొదట విచారించునది నీటిమట్టము. అది 43 అడుగులు చేరిన మొదటి హెచ్చరిక, 53 అడుగులు చేరిన మూడవ హెచ్చరిక వెలువడును. 1986వ సంవత్సరమున అది 75.6 అడుగులకు ఎక్కెను. అదే నది వేసవిలో ఇసుకతిన్నెల నడుమ సన్నని పాయలై పారును. ఇట్టి నదిని మధ్య భారతమునకు పడవల బాటగా చేయదలచిన సాహసి ఆర్థర్ కాటన్.

కాటన్ 1803వ సంవత్సరము మే 15వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. ఈస్టిండియా కంపెనీవారి సైనిక విద్యాలయమున చదివి, 1821లో ఇంజనీరుగా చెన్నపట్టణము చేరెను. రామేశ్వర ద్వీపమునకును ప్రధాన భూభాగమునకును నడుమనున్న పాంబన్ జలమార్గమును పరిశీలించుట ఆయన తొలి పనులలో నొకటి. ఆ కాలమున నీటిలోతు కొలుచుటకు సీసపుగుండు కట్టిన త్రాడే సాధనము. పడవపైనుండి గుండును జారవిడిచి, అది అడుగు తాకగనే త్రాడు కొలిచి, ఆ తావును పటముపై గుర్తింతురు. సమానమైన లోతుగల తావులను గీతలతో కలిపినచో, కంటికి కనబడని అడుగునేల పటముపై రూపుకట్టును. విసుగు పుట్టించు పనియే. కాని ఓడ క్షేమముగా సాగుటయో, రాతికి తగిలి పగులుటయో దానిపైననే ఆధారపడియుండును.

తరువాత ఆయన కావేరీ తీరమునకు పోయెను. అచట కొల్లడము పాయ అడుగు పల్లమై నీటిని లాగుకొనుచుండగా, తంజావూరు పొలములు ఎండుచుండెను. ఇసుక అడుగున రాయి తగులని నదిలో కట్టడము నిలుచుట ఎట్లు? పూర్వులు కట్టిన కల్లణై ఆయనకు గురువయ్యెను. బరువైన రాళ్లను ఇసుకలో పడవేసిన అవి కొంతలోతు దిగి, ఆపై కదలక నిలుచును. వానిమీద మరల పేర్చవచ్చును. ఈ సూక్ష్మమును తాను పూర్వులనుండియే నేర్చితినని కాటన్ దాచక చెప్పుకొనెను. 1836లో కొల్లడముపై ఆనకట్టలు వెలసెను.

గోదావరి మండలము అప్పటికి కరవులతో చితికిపోయి యుండెను. 1821లో 7 లక్షలకు పైబడియున్న జనసంఖ్య 1841 నాటికి 6 లక్షలకు లోపడెను. నది నిండుగా సముద్రమున కలియుచుండ, తీరవాసులు గంజికి మొగము వాచిరి. కాటన్ 1844లో నివేదిక సమర్పించి, 1847లో ధవళేశ్వరమున పని మొదలిడెను. పనివారిని కూర్చి నడిపించుటలో వీణెం వీరన్న ఆయనకు కుడిభుజమయ్యెను. 1852 నాటికి ఆనకట్ట పూర్తియయ్యెను.

అంతటితో కాటన్ తృప్తి చెందలేదు. పాపికొండల కావల, భద్రాచలమునకు ఎగువన, దట్టమైన అడవుల నడుమ దుమ్ముగూడెము కడ నదికి బండలు అడ్డుపడుచుండెను. వానిని తప్పించినచో నాగపురము, బేరారు ప్రాంతముల ప్రత్తి పడవలమీద సముద్రతీరమునకు దిగివచ్చునని ఆయన ఆశ. హేగ్ అను ఇంజనీరు ఆ భారమును వహించెను. దుమ్ముగూడెమున ఆనకట్టయు, పడవలు దాటుటకు కాలువయు, లాకులును నిర్మించిరి. అడవి జ్వరములు పనివారిని పీడించెను. ఎందరో పని విడిచి పారిపోయిరి. ఎగువన ఇంకను బండల వరుసలు మిగిలియుండెను. 1867లో నాగపురమునకు రైలు వచ్చెను. రైలుకు వేసవి యడ్డము కాదు. పడవకు లోతు లేనిదే అడుగు సాగదు. ఖర్చు పెరిగి, ప్రతిఫలము కానరాక, 1871లో ప్రభుత్వము ఎగువ గోదావరి పనులను నిలిపివేసెను.

కాటన్ 1860లోనే ఉద్యోగము విరమించి, మరుసటి సంవత్సరము సర్ బిరుదము పొందెను. రైళ్లకన్న జలమార్గములే మేలను పట్టును మాత్రము ఆయన కడవరకు విడువలేదు. ఈ విషయమున ఆయన లెక్క తప్పెననియే చెప్పవలెను. వార్ధకమున డార్కింగు పట్టణమునందలి తన తోటలో, నేలను ఎంతలోతు త్రవ్విన గోధుమ ఎంత అధికముగా పండునో పరీక్షించుచుండెను. 1899 జూలై 24వ తేదీన, 96 ఏండ్ల ప్రాయమున, అచటనే కన్నుమూసెను.