గంగ చేపలకు పేర్లు పెట్టిన డాక్టరుగారు

మాది వ్యవసాయ కుటుంబం. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు అనే పేర్లు నాకు బడికి వెళ్ళకముందే వచ్చు. కాలేజీలో జువాలజీ పుస్తకం తెరిస్తే అవే రోహిత, కట్ల, మృగాల అయి కూర్చున్నాయి. మూడింటి పక్కనా ‘హామిల్టన్, 1822’ అని ఉంది. ఎవరీ హామిల్టన్ అని లైబ్రరీలో పడి వెతికాను.

ఫ్రాన్సిస్ బుకానన్ 1762లో స్కాట్లండులో పుట్టాడు. 1783లో ఎడింబరోలో వైద్యపట్టా పుచ్చుకుని, ఓడల మీద డాక్టరుగా తిరిగి, 1794లో ఈస్టిండియా కంపెనీ కొలువులో చేరాడు. టిప్పు పతనమయ్యాక, 1800లో, కంపెనీ ఆయన్ని మద్రాసు నుంచి మైసూరు, మలబారు చూసి రమ్మని పంపింది. 1802లో నేపాలు వెళ్ళాడు. 1807 నుంచి ఏడేళ్ళపాటు బెంగాల్, బీహారు జిల్లాలు సర్వే చేశాడు. కంపెనీకి కావలసింది భూమి, పంట, రాబడి లెక్కలు. ఈయన మాత్రం చేపల్నీ వదల్లేదు. దేశీయ చిత్రకారుల చేత బొమ్మలు గీయించాడు. జాలర్లు ఏ పేరుతో పిలిస్తే చాలా చేపలకు ఆ పేరునే లాటిన్ వరసలో చేర్చాడు. నాకు ఆయనమీద గౌరవం కలిగింది ఇక్కడే.

1814లో రాక్స్‌బరో తరువాత కలకత్తా బొటానికల్ గార్డెను బాధ్యత వహించాడు. మరుసటేడు స్వదేశానికి బయల్దేరితే, గవర్నర్ జనరల్ ఆ బొమ్మల్ని పట్టుకుపోనివ్వలేదు. ఏళ్ళ శ్రమ ఇక్కడే ఉండిపోయింది! అయినా పట్టు వదలక 1822లో గంగానది చేపల గ్రంథం అచ్చువేయించాడు. అప్పటికి తల్లి వైపు ఆస్తి వచ్చి, హామిల్టన్ అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు. 1829లో కన్నుమూశాడు.

అసలు చిక్కు ఆ తరువాతే వచ్చింది. ఆయన వర్ణించిన చేపల్లో చాలావాటికి నమూనాలు ఎక్కడా లేవు. ఉన్నది వర్ణన, కొన్నిటికి బొమ్మ. బెంగాల్ గుంటల్లో చూసిన చిన్న మట్టగిడస జాతి చేపకు ఆయన ‘గచువా’ అని పేరు పెట్టాడు. దానిలాగే కనబడే చేపల్ని దేశదేశాల్లో అందరూ ఆ పేరుతోనే పిలిచారు. ఈ కాలంలో డి.ఎన్.ఏ. పోల్చి చూస్తే, ఆ ఒక్క పేరు కింద ఎన్నో వేర్వేరు వంశాలు దాగి ఉన్నాయని బయటపడింది. శ్రీలంకలోనూ, దక్షిణ భారతంలోనూ ఉన్నది ‘కెలార్టీ’ అనే వేరే జాతి అని 2020లో తేల్చారు. పైకి కవల పిల్లల్లా ఉన్నా, లోపల ఏనాడో విడిపోయిన దాయాదులన్నమాట! మరి అసలు గచువా ఏది? దానికి జవాబు కోసం మళ్ళీ ఆయన తిరిగిన ఊళ్ళకే పోవాలి.

మొన్న సెలవుల్లో మా కాలవలో మట్టగిడసను పట్టి, ఫార్మలిన్ సీసాలో వేసి లాబుకు తెచ్చాను. చీటీ మీద ‘గచువా’ అని గొప్పగా రాశాను. ఏ ఊరు, ఏ కాలవ, ఏ తేదీ అన్నది రాయనే లేదు. పైగా ఫార్మలిన్లో వేస్తే డి.ఎన్.ఏ. చెడిపోతుందనీ, రెక్క ముక్క ఒకటి ఆల్కహాల్లో దాచాల్సిందనీ తరువాత తెలిసి సిగ్గుపడ్డాను. ఒక నీటి చేపను ఇంకో నీటిలో వదిలి కలిపేస్తున్న రోజులివి. కలిసిపోయాక ఏ వంశం ఎక్కడిదో చెప్పేవాడుండడు.

మిత్రులారా, పేరు తరువాతైనా దిద్దుకోవచ్చు. ఊరు రాయకపోతే మాత్రం ఆ చేప ఎక్కడిదో ఇక ఎవరికీ తెలియదు. ఈసారి మా నాన్న పిలిచే పేరూ, మా కాలవ పేరూ చీటీమీద ముందు రాస్తాను.

— ద్వితీయ సంవత్సరం బి.యస్సీ. విద్యార్థి