శాస్త్రిగారి ఫియట్ కారు

పాత కార్లంటే ముచ్చటపడే వారిలో రెండు తెగల వారున్నారు. సంస్థానాధీశుల గ్యారేజీలలో వెలిగిన రోల్స్‌రాయిస్‌లను, బెంట్లీలను చూచి మురిసేవారు మొదటి తెగ. నాలుగు తలుపులతో, ఒక సంసారం సర్దుకొని కూర్చోదగిన సాదా బండిని, ఒక ఫియట్‌నో, అంబాసిడర్‌నో, స్టాండర్డ్ హెరాల్డ్‌నో, దారిలో గుర్తుపట్టి ఆగి చూచేవారు రెండవ తెగ. మన నేతకారులెందరికో జీవనోపాధి కల్పించిన సూరత్ పక్కనే సచిన్ అనే ఊరున్నది. ఒకప్పుడది నవాబులేలిన సంస్థానం, నేడు మిల్లుల పట్టణం. అక్కడి పారిశ్రామికవాడ గేటు ముందు నిలిచినా, విజయవాడ బందరు రోడ్డు పక్కన చెట్టునీడలో నిలిచినా, పాత ఫియట్ ముఖం చూడగానే అది ఏ కాలపుదో ఈ రెండవ తెగవారు చెప్పగలరు.

అటువంటివారు రాజధానికి వచ్చినప్పుడు తప్పక చూడవలసిన బండి ఒకటున్నది. జన్‌పథ్‌కు ఆనుకొని, మోతీలాల్ నెహ్రూ ప్లేస్ ఒకటవ నంబరు భవనంలో, లాల్ బహదూర్ శాస్త్రి స్మారక కేంద్రంలో ఆ కారును భద్రపరచారు. మీగడ రంగు, 1964 నాటి తయారీ, డి.ఎల్.ఇ. 6 అనే నంబరు. యంత్రదృష్టితో చూస్తే అందులో విశేషమేమీ లేదు. ఆ నాటి వేలాది ఫియట్‌లలో అదొకటి. విశేషమంతా దాని ఖాతాలో ఉన్నది. ఆ ఖాతా అర్థం కావాలంటే యజమాని జీవితాన్ని కొంత వెనుకనుండి చెప్పుకోవాలి.

లాల్ బహదూర్ 1904 అక్టోబరు 2న మొగల్‌సరాయ్‌లో జన్మించారు. తండ్రి శారదాప్రసాద్ బడిపంతులుగా ఉండి, తరువాత అలహాబాదులో రెవిన్యూ శాఖలో గుమాస్తాగా కుదిరారు. బిడ్డకు రెండేళ్లయినా నిండకమునుపే ఆయన కన్నుమూశారు. తల్లి రామ్‌దులారీదేవి పుట్టింటివారి ఆశ్రయంలో పిల్లలను పెంచింది. కులాన్ని తెలిపే ఇంటిపేరును లాల్ బహదూర్ చిన్ననాడే వదులుకున్నారు. గాంధీజీ పిలుపు విని పాఠశాల విడిచి, కాశీ విద్యాపీఠంలో చేరి, 1925లో పట్టభద్రులయ్యారు. ఆ విద్యాపీఠమిచ్చిన శాస్త్రి పట్టమే ఆయన పేరులో స్థిరపడింది. పిమ్మట లాలా లజపతిరాయ్ స్థాపించిన ప్రజాసేవకుల సంఘంలో ఆజీవ సభ్యులై, ఆ సంఘమిచ్చే స్వల్ప భృతిపై బ్రతికారు.

1928లో మీర్జాపూరుకు చెందిన లలితాదేవితో వివాహమైంది. కట్నంగా ఆయన స్వీకరించినవి ఒక రాట్నం, కొన్ని గజాల ఖద్దరు మాత్రమే. స్వాతంత్ర్యోద్యమంలో పలుమార్లు కారాగారానికి వెళ్లిన ఆయన జీవితంలో అనేక సంవత్సరాలు జైళ్లలోనే గడిచిపోయాయి. ఆ రోజుల ముచ్చట ఒకటి ఈనాటికీ చెప్పుకుంటారు. సంఘం పంపే నెలకు 50 రూపాయలలో ఇల్లు గడుపుకొని 10 రూపాయలు మిగిలిస్తున్నానని లలితాదేవి తెలుపగా, తమ కుటుంబానికి 40 రూపాయలు చాలునని, మిగిలినది మరొక కార్యకర్తకు ఇవ్వవలసిందని శాస్త్రి సంఘానికి వ్రాశారట. ఇల్లాలి పొదుపు ఇంటికి మిగలక సంఘానికి మిగిలిందన్నమాట. ఆ దంపతుల లెక్కలు ఏ తీరున నడిచేవో ఇందువల్ల తెలుస్తుంది.

స్వాతంత్ర్యానంతరం ఉత్తరప్రదేశ్‌లో పోలీసు, రవాణా శాఖలు నిర్వహించి, నెహ్రూ పిలుపుపై ఢిల్లీ వచ్చి రైల్వే మంత్రి అయ్యారు. తెలుగువారికి ఆయన పేరు ఒక విషాదంతో ముడిపడి ఉన్నది. 1956లో, ఆంధ్రప్రదేశ్ అవతరణకు కొద్దికాలం ముందు, మహబూబ్‌నగర్ సమీపంలో వంతెన కూలి రైలు పడిపోగా వందమందికి పైగా మరణించారు. శాస్త్రి రాజీనామా సమర్పించారు. నెహ్రూ అంగీకరించలేదు. ఆ నవంబరులోనే మద్రాసు రాష్ట్రంలోని అరియలూరు వద్ద మరొక రైలు ప్రమాదంలో అంతకుమించి ప్రాణనష్టం జరిగింది. ఈసారి రాజీనామాను వెనుకకు తీసుకోవడానికి ఆయన ఒప్పుకోలేదు. వంతెనను కట్టినవారు ఆయన కారు, రైలు నడిపినవారూ ఆయన కారు. అయినను ఆ శాఖ తన పేరున ఉన్నది కనుక బాధ్యత తనదేనని ఎంచారు.

తరువాత రవాణా, వాణిజ్యం, పరిశ్రమలు, హోం శాఖలను వరుసగా చూచారు. 1963లో కామరాజ్ పథకం క్రింద పదవి వీడినప్పుడు, ఇల్లు గడవడానికి పత్రికలకు వ్యాసాలు వ్రాశారు. ఇన్ని సంవత్సరాలు మంత్రిగా ఉన్నా స్వంత ఇల్లు లేదు, స్వంత కారు లేదు. ఇంటి పిల్లలు టాంగా ఎక్కి బడికి పోయేవారు. ప్రభుత్వ వాహనాన్ని ఎప్పుడైనా వాడుకోవచ్చునే గాని, నిత్యం దానిపై తిరగడానికి తండ్రి సమ్మతించేవారు కాదు.

1964 జూన్ 9న శాస్త్రి ప్రధానమంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డి ఉక్కు, గనుల శాఖతో కేంద్రమంత్రివర్గంలో ప్రవేశించినది అప్పుడే. ప్రధాని తిరగడానికి ప్రభుత్వం వారి షెవర్లే ఇంపాలా ఉన్నది. కాని అది కుటుంబం బండి కాదు. ఒకనాడు కుమారుడు సునీల్ ఆ ఇంపాలాను స్వంత షికారుకు తీసుకుపోయినట్లు తెలిసి, డ్రైవరును పిలిపించి, తిరిగిన దూరమెంతో పుస్తకంలో చూపించి, స్వంత వాడకంగా నమోదు చేయించి, కిలోమీటరు లెక్కన సొమ్ము ఇంటినుండి కట్టించారని ఆ కుమారుడే తరువాత చెప్పారు.

ప్రధాని అయ్యాక కూడా ఇంటికి ఒక కారు లేకపోవడమేమని పిల్లలు పట్టుబట్టారు. కొత్త ఫియట్ ధర విచారించగా 12,000 రూపాయలని తేలింది. ప్రధానమంత్రి బ్యాంకు ఖాతాలో ఉన్నది 7,000. తక్కువబడిన 5,000 రూపాయలకు ఆయన పంజాబ్ నేషనల్ బ్యాంకుకు అందరివలె దరఖాస్తు పెట్టుకున్నారు. లాహోరులో ఆ బ్యాంకు మొలకెత్తిన తొలి రోజులలో అండగా నిలిచినవారిలో లజపతిరాయ్ ఒకరు. యౌవనంలో భృతి ఇచ్చినవాడు, వార్ధక్యంలో అప్పు ఇచ్చిన బ్యాంకుకు పెద్దదిక్కైనవాడు ఒక్కడే కావడం యాదృచ్ఛికం. అప్పు ఆ రోజే మంజూరయింది. సామాన్యుడు అడిగినా ఇంత త్వరగానే ఇస్తారా అని బ్యాంకువారిని శాస్త్రి ఆరా తీశారని కుమారుడు అనిల్ శాస్త్రి పలు సందర్భాలలో వివరించారు.

ఆ కాలంలో ఫియట్ కొనడమంటే ఏమిటో ఈ తరంవారికి ఊహకందదు. దేశంలో కార్లు చేసేవి ప్రధానంగా మూడే కంపెనీలు. బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్‌ను 1944లో నెలకొల్పినవారు వాల్‌చంద్ హీరాచంద్. విశాఖపట్టణంలో నౌకానిర్మాణానికి పునాది వేసినదీ ఆయనే. ఇటలీ ఫియట్ కంపెనీ సహకారంతో కుర్లాలో తయారైన 1100 మోడల్‌లో నాలుగు సిలిండర్ల చిన్న ఇంజను, స్టీరింగు పక్కనే గేరు కర్ర, ముందువైపు ఒకే పొడవాటి సీటు ఉండేవి. డబ్బు కట్టినా బండి చేతికి రావడానికి సంవత్సరాలు పట్టేది. మధ్యతరగతి గృహస్థుకు ఒక ఫియట్ కొనడం, ఒక ఆడపిల్లకు పెళ్లి చేయడం దాదాపు ఒకే బరువు. 1970లలో ప్రీమియర్ పద్మినిగా పేరు మారి, అదే రూపంలో ఈ బండి శతాబ్దాంతం దాకా నడిచింది. బొంబాయి వీధులలో చిట్టచివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో విరమించింది.

ఆ ఇంటిలో కారు ఉన్నా, కారు యజమానికి తీరిక లేకపోయింది. 1965లో పంటలు దెబ్బతిని తిండిగింజల కొరత ముంచుకొచ్చింది. వారానికొక పూట భోజనం మానవలసిందని ప్రజలను కోరడానికి ముందు, తన ఇంటిలో అది సాధ్యమో కాదో ఆయన చూచుకున్నారని చెబుతారు. ఆగస్టు, సెప్టెంబరులలో పాకిస్తాన్‌తో యుద్ధం సాగింది. 1966 జనవరి 10న తాష్కెంట్‌లో ఒడంబడికపై సంతకం చేశారు. ఆ రాత్రి దాటి, 11వ తేదీ తెల్లవారకముందే అక్కడే మరణించారు. కారు కొని రెండేళ్లయినా కాలేదు. బ్యాంకు అప్పు తీరలేదు.

ప్రతి అక్టోబరు 2న ఈ కారు కథ పత్రికలలో కనబడుతుంది. నిరాడంబరుడైన ప్రధాని, ఐదువేల అప్పు, అంతటితో ముగుస్తుంది. కాని లెక్క చూస్తే ఆ అప్పు భారమంతా మోసినది శాస్త్రి కాదు, లలితాదేవి. ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆ బాకీని మాఫీ చేయడానికి ముందుకు వచ్చిందని, ఆమె వద్దన్నదని కుమారుల కథనం. భర్త లేని ఇల్లు, చదువుకునే పిల్లలు, చేతికి వచ్చేది పింఛను. ఆ పింఛనులోనుండే నెలనెలా కొంత తీసి, సంవత్సరాల తరబడి బ్యాంకుకు కట్టి ఖాతా ముగించింది. జైలు రోజులలో 50 రూపాయలలో 10 మిగిల్చిన చేయి అదే. ఆ మిగులును నాడు భర్త సంఘానికి వదిలివేయగా, నేడు భర్త బాకీని ఆమె తన భుజాన వేసుకున్నది. 1993లో ఆమె కన్నుమూసేనాటికి ఆ కుటుంబంపై ఆ కారు తాలూకు పైసా బాకీ లేదు.

పాత కార్లను పరిశీలించేవారు రంగు అసలుదేనా, నంబరు పలక మొదటిదేనా, యజమానులు ఎందరు మారారు అని చూస్తారు. డి.ఎల్.ఇ. 6 విషయంలో వారు మరొకటి కూడా చూడవలసి ఉన్నది. బండి కాగితాలపై ఉన్నది శాస్త్రి పేరు. కాని దాని ధరలో పన్నెండింట ఏడు వంతులు ఆయన కూడబెట్టినవి, మిగిలిన ఐదు వంతులలో అధికభాగం ఆయన వెనుక మిగిలిన ఇల్లాలు చెల్లించినవి. స్మారక కేంద్రంలోని ఆ కారు, న్యాయంగా, ఇద్దరిదీ.