పన్నీరా, జవ్వాదా? గణపతిదేవుణ్ణి అడగండి!

వేసవి పెళ్లిళ్లకి పన్నీరే హాయి. చల్లగా తాకి, తేలిగ్గా లేచి, కాసేపట్లో వెళ్లిపోతుంది. చలికాలం వ్రతానికో, రాత్రి పెళ్లికో అయితే నా ఓటు జవ్వాదికి. బరువైన వాసన కదా, చీర మడతల్లో మర్నాటిదాకా ఉంటుంది. అదే మండుటెండలో రాసుకుంటే పక్కవాళ్లకి తలనొప్పి! జనగామలోనైనా, హైదరాబాదులోనైనా ఈ లెక్క మనకెవరూ నేర్పక్కర్లేదు. కానీ ఈ రెండు పేర్లూ ఏడున్నర శతాబ్దాలు దాటిన ఒకే శాసనంలో ఉన్నాయని చదివినప్పుడు భలే ఆశ్చర్యమేసింది. దాన్ని వేయించినవాడు మన కాకతి గణపతిదేవుడు.

ఆయన బతుకేమీ పూలబాటగా మొదలవలేదు. తండ్రి మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో పోయాడు. గణపతి వాళ్లకి బందీగా చిక్కాడు. ఆ కష్టకాలంలో రాజ్యం చెదిరిపోకుండా కాచినవాడు రేచర్ల రుద్రుడు. 1213లో రామప్ప గుడి కట్టించింది కూడా ఆయనే. విడుదలై వచ్చిన గణపతి 1199లో గద్దెనెక్కి 1262 దాకా ఏలాడు. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లు ఆ కాలానివే. మహబూబాబాద్ జిల్లాలో బయ్యారం చెరువు తవ్వించింది ఆయన తోబుట్టువు మైలాంబ. కూతురు రుద్రమని గద్దెకి తయారుచేసిందీ ఆయనే.

రాజ్యం సముద్రందాకా పెరిగి, ఇప్పటి బాపట్ల జిల్లాలోని మోటుపల్లి రేవు ఆయన చేతికొచ్చింది. అంతకుముందు రాజులకి ఒక అలవాటుండేది. తుఫానుకి ఓడ పగిలి సరుకు ఒడ్డుకి కొట్టుకొస్తే మొత్తం లాక్కోవడమే! ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడికి ఇంక మిగిలేదేముంది? గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించి ఆ దోపిడీ ఆపించాడు. నిర్ణయించిన సుంకం కడితే చాలు, మిగతాదంతా వర్తకుడిదే. ఆ సుంకాల పట్టీలోనే మంచిగంధం, కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలతోపాటు మన పన్నీరూ, జవ్వాదీ ఉన్నాయి.

శత్రువు చేతికి చిక్కి బయటపడ్డ మనిషి కాబట్టే, అన్నీ పోగొట్టుకుని ఒడ్డున పడ్డవాడి దిగులు తెలిసిందేమో అనిపిస్తుంది నాకు.

అన్నట్టు, అప్పటి జవ్వాది పునుగుపిల్లి నుంచి తీసేది. ఇప్పుడు ఆ జంతువుని వేటాడటం నేరం. ఆ పేరుతో కొట్లో దొరికేవి చాలావరకు వేరే సుగంధాల కలయికలు. ఏం కలిపారో అడిగి తీసుకోండి.

నమ్మకం లేని రేవుకి ఏ ఓడా రాదు. ఓడలు రాకపోతే ఓరుగల్లు ఆడవాళ్లకి పన్నీరా, జవ్వాదా అని ముచ్చటపడే భాగ్యమెక్కడిది?