ప్రొఫెసర్ ఆర్నాల్డ్ పిక్: లక్షలో పదిహేను మంది కథ

మతి తప్పే జబ్బు అనగానే అందరికీ గుర్తొచ్చే పేరు అల్జీమర్. ఆయనకంటే ముందే, ఆ కోవకే చెందిన మరో జబ్బును గమనించి రాసిపెట్టిన మహానుభావుడు ఆర్నాల్డ్ పిక్. ప్రపంచంలో ఏ వైద్య కళాశాలలోనైనా ఆయన పేరు వినపడుతుంది. ఆయన జీవితం మాత్రం మనలో చాలామందికి తెలియదు.

పిక్ 1851 జూలై 20న మొరావియాలోని వెల్కే మెజిరీచీ అనే ఊళ్ళో, జర్మన్ మాట్లాడే యూదు కుటుంబంలో జన్మించారు. ఆ ప్రాంతం అప్పట్లో ఆస్ట్రియా సామ్రాజ్యంలో ఉండేది. నేడు చెక్ రిపబ్లిక్‌లో ఉంది. వియన్నాలో వైద్యం చదువుతూనే, మెదడు నిర్మాణం తెలిసిన దిట్ట మైనెర్ట్ దగ్గర సహాయకుడిగా చేరారు. 1875లో పట్టా పుచ్చుకున్నాక బెర్లిన్‌లో వెస్ట్‌ఫాల్ దగ్గర పనిచేసి, ఆపైన ప్రాగ్ మానసిక చికిత్సాలయానికి వచ్చారు. 1880లో డోబ్ర్జానీ చికిత్సాలయానికి అధిపతి అయ్యారు. 1886లో ప్రాగ్ జర్మన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులై, 1921 దాకా ఆ పీఠంలోనే ఉన్నారు. పుస్తకాలన్నా, సంగీతమన్నా ఆయనకు ప్రాణం.

1892లో ఆయన ఒక రోగి గురించి వ్యాసం రాశారు. డెబ్బై ఒక్క ఏళ్ళ ఆ వృద్ధుడికి బుద్ధి మందగించడంతో పాటు మాట కూడా బాగా దెబ్బతింది. మరణానంతరం చూస్తే మెదడు అంతా ఒకే తీరుగా కుంచించుకుపోలేదు. ఎడమ కణత వైపు భాగం మరీ ఎక్కువగా కృశించిపోయి ఉంది. ముసలితనపు క్షీణత కూడా మెదడులో ఒకచోట ఎక్కువగా, మరోచోట తక్కువగా ఉండవచ్చునని పిక్ చూపించారు. కొత్త జబ్బు కనిపెట్టానని ఆయన చాటుకోలేదు. దానికి ఆయన పేరు పెట్టింది తర్వాతివాళ్ళే. నేడు ఈ కుటుంబం మొత్తాన్నీ ఫ్రాంటోటెంపోరల్ డిమెన్షియా అంటున్నారు. అందులో ఒక రకానికే పిక్ పేరు మిగిలింది.

ఇది ఎంతమందికి వస్తుంది? ఇంగ్లండులోని కేంబ్రిడ్జి ప్రాంతంలో 2002లో వెలువడిన లెక్క ప్రకారం, 45 నుంచి 64 ఏళ్ళ మధ్యవారిలో లక్షకు 15 మంది. ఆ వయసులో అల్జీమర్ జబ్బు లెక్క కూడా అక్కడ అంతే తేలింది! నెదర్లాండ్స్‌లో 2003లో ప్రచురించిన లెక్కలో, అరవైల్లో ఉన్నవారిలో లక్షకు 9.4 మందే. అంటే ఇది అరుదైన జబ్బే. కానీ సంసారం మోస్తున్న వయసులో వచ్చి పడుతుంది కాబట్టి, ఆ పదిహేను మంది వెనక పదిహేను కుటుంబాలు కుదేలవుతాయి.

లెక్కలు ఊరికొక తీరుగా ఉండడానికి ఒక కారణం, జబ్బును గుర్తుపట్టడంలోనే ఉంది. ఇందులో చాలాసార్లు ముందు చెడేది జ్ఞాపకం కాదు, నడవడి, మాట. మర్యాదస్తుడు నలుగురిలో నోటికొచ్చినట్టు మాట్లాడతాడు. పైసా పైసా కూడబెట్టినవాడు విచ్చలవిడిగా ఖర్చు పెడతాడు. ఇంట్లోవాళ్ళు ఏడుస్తున్నా చీమ కుట్టినట్టయినా ఉండదు. చాదస్తమనో, పొగరనో ఇల్లూ ఊరూ అనుకుంటాయి. డాక్టరు దాకా రానివాడు లెక్కలోకీ రాడు. హైదరాబాదు నిమ్స్ జ్ఞాపకశక్తి క్లినిక్ వారు 2011లో ప్రచురించిన పరిశీలనలో, డిమెన్షియా రోగుల్లో దాదాపు అయిదో వంతు మంది ఈ రకం వాళ్ళే. క్లినిక్‌కు వచ్చినవాళ్ళ లెక్క జనాభా లెక్క కాదు, నిజమే. అయినా వెతికే కళ్ళుంటే ఈ జబ్బు మన దగ్గరా కనపడుతుందని అది చెప్తోంది.

పిక్ 1924 ఏప్రిల్ 4న ప్రాగ్‌లో కన్నుమూశారు. ఆయన రాసిన వ్యాసాలు మూడు వందలు దాటాయి. వాటిలో ఎక్కువ కాలం నిలిచినది ఒక్క మనిషిని ఓపికగా చూసి రాసినది. రేపు వార్డుల్లోకి వెళ్ళే మన మిత్రులు ఈ సంగతి మరచిపోకూడదు. లక్షల లెక్క మొదలయ్యేది ఆ ఒక్క మనిషితోనే.