కడలి అడుగున ఒక నౌకాదళ అధికారి

జాక్ ఈవ్ కూస్తో అనగానే చాలామందికి గుర్తొచ్చేది ఎర్ర ఊలు టోపీ పెట్టుకుని టీవీలో తిమింగలాల గురించి చెప్పే బక్కపల్చటి పెద్దాయన. నాకు మాత్రం ఆయన మొదట ఒక నౌకాదళ అధికారి. ఖడక్‌వాస్లా అకాడమీలో క్యాడెట్‌గా ఉన్న రోజుల్లో లైబ్రరీలో ఆయన పుస్తకం ‘ది సైలెంట్ వరల్డ్’ చేతికి దొరికింది. సైన్యంలో చేరబోయేవాడికి సముద్రంతో ఏం పని? అయినా పూర్తయ్యేదాకా కింద పెట్టలేకపోయాను.

ఆయన 1910 జూన్ 11న ఫ్రాన్స్‌లోని బోర్డో నగరం దగ్గర ఒక చిన్న ఊళ్లో పుట్టారు. 1930లో బ్రెస్ట్‌లోని నౌకాదళ అకాడమీలో చేరారు. నేవీ పైలట్ కావాలన్నది ఆశ. కారు ప్రమాదంలో రెండు చేతులూ విరగడంతో ఆ ఆశ అడుగంటింది. చేతుల్లో మళ్లీ బలం పుంజుకోవడానికి తులోన్ దగ్గర మధ్యధరా సముద్రంలో ఈత మొదలుపెట్టారు. తోటి అధికారి ఫిలిప్ తాయే ఇచ్చిన ఈత కళ్లద్దాలతో ఒకసారి నీటి కిందకు చూశాక, ఇక ఆయన చూపు ఆకాశం వైపు మళ్లలేదు.

అప్పట్లో డైవర్ అంటే బరువైన రాగి శిరస్త్రాణం, పైన పడవ నుంచి గాలి పంపే గొట్టం. ఆ గొట్టం ఎంత పొడవో డైవర్ లోకం అంతే. యుద్ధకాలంలో పెట్రోలు దొరక్క ఫ్రాన్స్‌లో కార్లను గ్యాస్‌తో నడిపేవారు. అందుకోసం ఎమిల్ గాన్యాన్ అనే ఇంజినీరు ఒక రెగ్యులేటర్ తయారుచేశాడు. ఇద్దరూ కలిసి 1943లో దాన్ని శ్వాస పరికరంగా మార్చారు. వీపున గాలి సిలిండర్. మనిషి పీల్చినప్పుడే, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడికి సమానంగా గాలి వస్తుంది. అంతే, గొట్టం తెగిపోయింది. ఈనాటి స్కూబా డైవింగ్‌కు పునాది అదే.

అదే యుద్ధం ఇంటిని చీల్చింది. ఆక్రమణదారులకు వ్యతిరేకంగా రహస్య సమాచార సేకరణలో పనిచేసినందుకు కూస్తోకు దేశం పతకం ఇచ్చింది. ఆయన అన్న పియర్ ఆంత్వాన్ మాత్రం నాజీలను సమర్థించిన పత్రికా సంపాదకుడు. 1946లో ఆయనకు మరణశిక్ష పడింది, తర్వాత అది తగ్గింది. ఆ విచారణలో కూస్తో అన్న తరఫున సాక్ష్యం చెప్పారు. అన్న రాతలను ఆయన సమర్థించలేదు, అన్నను వదులుకోనూ లేదు. యూనిఫాం వేసుకున్నవాడికి అదెంత బరువైన పనో నేను ఊహించగలను.

యుద్ధం ముగిశాక తులోన్‌లో నౌకాదళ డైవర్ల బృందం సముద్రంలోని మైన్లను తొలగించే పనికి దిగింది. ఈ భాగం చదివినప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. నేల మీద మందుపాతరలు పెట్టడం ఒక రాత్రి పని. వాటిని తీయడం నెలల తరబడి ప్రాణాలతో చెలగాటం. ఇక మసక నీళ్లలో తడుముకుంటూ తీయడం! 1947లో సహచరుడు మోరిస్ ఫార్గ్ 120 మీటర్ల లోతు చేరి, తాడుకు కట్టిన పలక మీద సంతకం చేశాడు. పైకి లాగేసరికి స్పృహ లేదు. మళ్లీ రాలేదు.

1950లో గిన్నెస్ కుటుంబానికి చెందిన ఒక ధనికుడు బ్రిటిష్ నౌకాదళం వాడిన పాత మైన్‌స్వీపర్‌ను కొని, ఏడాదికి ఒక్క ఫ్రాంక్ అద్దెకు ఆయనకిచ్చాడు. అదే ‘కాలిప్సో’. దాన్ని సిద్ధం చేయడానికి భార్య సిమోన్ తన నగలు అమ్మింది. 1956లో ‘ది సైలెంట్ వరల్డ్’ సినిమా కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతి గెలిచింది, తర్వాత ఆస్కార్ కూడా.

ఇక్కడే ఒక మాట దాచకూడదు. ఆ సినిమాలో చేపలను లెక్కించడం కోసం పగడపు దిబ్బ దగ్గర డైనమైట్ పేలుస్తారు. సొరచేపలను గొడ్డళ్లతో నరుకుతారు. 1954లో అబుదాబి తీరంలో చమురు కోసం సర్వే చేసింది కూడా కాలిప్సోనే. సముద్ర రక్షకుడు పుట్టుకతోనే రక్షకుడు కాడు. తాను దిగిన చోట్లకే ఏళ్ల తర్వాత మళ్లీ దిగి, చేపలు తగ్గిపోవడం కళ్లారా చూశాక మారిన మనిషి ఆయన.

1960లో ఫ్రాన్స్ అణుశక్తి సంస్థ రేడియోధార్మిక వ్యర్థాల పీపాలను మధ్యధరాలో పడేయాలనుకుంది. అప్పటికి ఆయన మొనాకో సముద్ర మ్యూజియం డైరెక్టర్. అంతకుముందు ఫ్రాన్స్ నౌకాదళంలో పనిచేసినవాడు. అయినా బహిరంగంగా ఎదురు నిలిచారు, ప్రజలను కదిలించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆజ్ఞకు తలవంచడం నేర్చిన నాలాంటివాళ్లకు ఈ ఘట్టం ఇబ్బంది పెట్టే ప్రశ్నే: దేశానికి సేవ ఎక్కడ ఆగుతుంది, దేశం చేసే తప్పుకు సేవ ఎక్కడ మొదలవుతుంది?

1979లో పెద్ద దెబ్బ తగిలింది. కొడుకు ఫిలిప్ లిస్బన్ దగ్గర సీప్లేన్ ప్రమాదంలో చనిపోయాడు. ముసలితనంలో అంటార్కిటికాలో గనుల తవ్వకం ఆపాలని లక్షల సంతకాలు సేకరించారు. 1991 మాడ్రిడ్ ఒప్పందం తవ్వకాలను నిషేధించింది. 1995లో ఫ్రాన్స్ పసిఫిక్‌లో మళ్లీ అణుపరీక్షలకు దిగితే, తాను అధ్యక్షుడిగా ఉన్న భావితరాల హక్కుల మండలికి రాజీనామా చేశారు. అప్పటికి వయసు 85.

1996 జనవరిలో సింగపూర్ రేవులో ఒక బార్జి ఢీకొని కాలిప్సో మునిగింది. దాన్ని పైకి తీశారు గానీ ఆయన బతికుండగా అది మళ్లీ సముద్రయానం చేయలేదు. 1997 జూన్ 25న పారిస్‌లో ఆయన కన్నుమూశారు. జీవితమంతా నీళ్లలో గడిపిన ఆ నావికుడిని పుట్టిన ఊరి మట్టిలోనే పూడ్చారు.